కొరికేది రెక్కల పురుగు కాదు

విశాఖలో సముద్రపు గాలి తగిలే పాత ఇళ్లలో బాత్‌రూమ్ గోడ మీద, బీరువా వెనక, మంచం కింద బూడిదరంగు గుమ్మడి గింజల్లాంటివి అతుక్కుని ఉంటాయి. సున్నం పెచ్చులనుకుని చీపురుతో రాల్చేస్తుంటాం. అలికిడి చేయకుండా కాసేపు గమనించండి. ఒక కొస నుంచి సన్నటి పురుగు తల బయటపెట్టి, గోడను పట్టుకుని, గూడును ఈడ్చుకుంటూ ముందుకు జరుగుతుంది. అటు దారి లేకపోతే లోపలే వెనక్కి తిరిగి రెండో కొస నుంచి బయటికి వస్తుంది. ఆ గూటికి రెండు వైపులా గుమ్మాలే.

ఇది ఫెరియోయెకా అనే చిన్న చిమ్మటకు పిల్ల దశ. తన పట్టుదారానికి ఇసుక రేణువులు, సున్నపు పొడి, బట్టల నూగు అతికించి గూడు అల్లుకుంటుంది. పాత సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగుల తునకలు దాని తిండి. ఉన్ని దొరికితే దాన్నీ వదలదు. తేమ లేనిచోట అది బతకలేదు. విశాఖ గాలిలో తేమ తరచూ 70 శాతం దాటుతుంది కాబట్టి ఇక్కడ దానికి లోటు లేదు. పురుగును ఏరి పారేస్తే వారానికి మరొకటి కనిపిస్తుంది. బూజు దులిపి, గోడ చెమ్మ ఆరేలా చేస్తే తిండీ నీడా రెండూ పోతాయి.

ఇంట్లో నష్టం చేసే చిమ్మటలన్నిటి సంగతీ దాదాపు ఇంతే. తినేది పిల్ల పురుగు. రెక్కలొచ్చాక బట్టల చిమ్మట అసలు ఏమీ తినదు, దాని నోటి భాగాలు అందుకు పనికిరావు. జత కట్టి గుడ్లు పెట్టడమే దానికి మిగిలిన పని. పైగా అది వెలుతురంటే పారిపోతుంది. వానాకాలం రాత్రి ట్యూబ్‌లైటు చుట్టూ తిరిగేవి వేరే జాతులు. బాల్కనీలో వాలే ఆకుపచ్చటి గన్నేరు చిమ్మట పిల్లగా ఉన్నప్పుడు గన్నేరు, నందివర్ధనం ఆకులు తింటుంది. మీ చీరల జోలికి రాదు. దాన్ని చంపకండి.

బట్టల చిమ్మట పిల్లకు అరుదైన శక్తి ఉంది. ఉన్ని, వెంట్రుక, ఈక, అన్నీ కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. గంధకపు బంధాలు దాన్ని గట్టిగా బిగించి ఉంచుతాయి కాబట్టి చాలా జీవులకు అది అరగదు. ఈ పురుగు పేగులో క్షారగుణం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. అక్కడ ఆ బంధాలు తెగిపోతాయి. అయితే ఉత్త ఉన్నితో దానికి అన్ని పోషకాలూ అందవు. చెమట, తిండి మరకలు ఆ లోటు తీరుస్తాయి. మన ఊళ్లో స్వెట్టర్లు, శాలువాలు బయటికి తీసేది లంబసింగికో అరకుకో వెళ్లినప్పుడే. తిరిగొచ్చి ఉతక్కుండా మడిచి అటక మీద పెడితే మళ్లీ చలికాలం దాకా ఆ పురుగుకు చీకటి, తిండి, తీరిక మూడూ దొరుకుతాయి. ఉతికి, మండే ఎండలో బాగా ఆరేసి, దులిపి, గాలి చొరని సంచిలో పెట్టడమే అసలైన రక్షణ. నూలు చీరకు పడే చిల్లు మాత్రం చాలాసార్లు గంజి కోసం వచ్చిన సిల్వర్‌ఫిష్ అనే రెక్కల్లేని వెండిరంగు పురుగుది.

వంటింట్లో దొంగ వేరు. బియ్యం, చోళ్లు, ఉప్మారవ్వ, వేరుశెనగ గుళ్లలో దారాలతో ఉండలు కట్టేది బియ్యపు చిమ్మట, శాస్త్రనామం కార్సిరా సెఫలోనికా. అది తినేదానికంటే గూడు, రెట్ట, విడిచిన చర్మాలతో పాడుచేసేదే ఎక్కువ. బాగా ఎదిగిన పిల్ల పురుగు కొన్నిసార్లు డబ్బా వదిలి గోడ ఎక్కుతుంది, అందుకే పైకప్పు మూలల్లోనూ గూళ్లు ఉండొచ్చు. డబ్బా ఖాళీ చేసి వదిలేస్తే చాలదు, ఆ మూలలూ దులపాలి. కొత్త బియ్యాన్ని పాతవాటిలో కలపకూడదు. ఇదే చిమ్మటను శాస్త్రవేత్తలు కావాలని పెంచుతారు. దీని గుడ్ల మీద ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి కందిరీగలను వృద్ధి చేసి, ఆ గుడ్లు అతికించిన కార్డులను చెరకు తోటల్లో కడతారు. పైరును తొలిచే పురుగుల గుడ్లను ఆ కందిరీగలు నాశనం చేస్తాయి.

ఇక కలరా ఉండలు. చాలావరకు ఇవి నాఫ్తలీన్. ఘనరూపం నుంచి నేరుగా ఆవిరవుతుంది, ఆ ఆవిరి మూసిన పెట్టెలో పేరుకుంటేనే పురుగు చస్తుంది. తలుపులు వదులైన బీరువాలో వేస్తే వాసన మనకు, బతుకు పురుగుకు. పసిబిడ్డల బట్టల మధ్య మాత్రం వీటిని ఎప్పుడూ పెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న శిశువుల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను చిట్లగొట్టి, ప్రమాదకరమైన కామెర్లు తెప్పించగలదు. ఆ లోపం పైకి కనిపించదు. పాత బారసాల బట్టలు పెట్టె నుంచి తీసినా, ఉతికి, వాసన పూర్తిగా పోయాకే బిడ్డకు తొడగాలి.