గురుగ్రహం పక్కనే కాపురం

గ్రహశకలాలు ఎక్కువగా తిరిగేది అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య అని చిన్నప్పుడే చదువుకున్నాం. వాటిలో కొన్ని వేలు మాత్రం ప్రధాన గుంపును వదిలి, గురుడి వైపు బాగా జరిగి ఉంటాయి. వీటి పేరు హిల్డాలు. సూర్యుడి నుంచి వీటి సగటు దూరం దాదాపు 59 కోట్ల కిలోమీటర్లు, గురుడిది 78 కోట్లు. గ్రహాలన్నిటిలోకీ బరువైనదాని పక్కన కాపురమంటే ఎప్పుడూ టెన్షనే కదా! అయినా కోట్ల ఏళ్లుగా ఇవి చెక్కుచెదరలేదు.

కర్క్‌వుడ్ చెప్పింది గుర్తుచేసుకుంటే ఇది మరీ వింతగా ఉంటుంది. ప్రధాన గుంపులో అక్కడక్కడా ఖాళీలున్నాయని ఈ అమెరికా ఖగోళవేత్త 1866లో చూపించాడు. గురుడు ఒక చుట్టు తిరిగేలోపు శకలం సరిగ్గా మూడు చుట్లు పూర్తిచేసే దూరం అలాంటి ఖాళీల్లో ఒకటి. తిరిగే కాలాలు ఇలా చిన్న అంకెల నిష్పత్తిలో కుదిరితే దాన్ని అనునాదం అంటారు. అప్పుడు గురుడి లాగుడు ఒకే తీరులో మళ్లీ మళ్లీ పడి పోగవుతుంది. 3:1 దగ్గర ఏం జరుగుతుందో 1980ల మొదట్లో జాక్ విజ్డమ్ కంప్యూటర్ లెక్కలతో తేల్చాడు. శకలం కక్ష్య ఉన్నట్టుండి సాగిపోయి అంగారకుడి దారికి అడ్డం పడుతుంది. ఆ తర్వాత దాని గతి ఏమవుతుందో చెప్పలేం.

హిల్డాలదీ అనునాదమే, కాకపోతే 3:2. గురుడు రెండు చుట్లు తిరిగేలోపు ఇవి మూడు తిరుగుతాయి. ఆ లెక్కన రెండూ సూర్యుడికి ఒకే వైపు, ఒకే వరసలోకి వచ్చేది దాదాపు 23.7 ఏళ్లకోసారి. సరిగ్గా ఆ వేళకి హిల్డా తన కోడిగుడ్డు కక్ష్యలో సూర్యుడికి దగ్గరి కొసన ఉంటుంది. సింగిల్ లైన్లో ఎక్స్‌ప్రెస్ వచ్చే టైముకి ప్యాసింజర్ బండి లూప్ లైన్లో ఆగినట్టన్నమాట.

మరి దూరపు కొసకి, అంటే గురుడి దారికి దగ్గరగా వెళ్లినప్పుడో? అక్కడే ఉంది తమాషా అంతా. నాలుగేళ్లకి హిల్డా సగం చుట్టు తిరిగి ఆ కొసకి చేరుతుంది. అప్పటికి గురుడు మూడో వంతు చుట్టే నడిచి, 60 డిగ్రీలు వెనకబడి ఉంటాడు. రెండోసారి చేరేసరికి గురుడు సూర్యుడికి పూర్తిగా అవతల ఉంటాడు. మూడోసారి 60 డిగ్రీలు ముందుంటాడు. హిల్డా గడపదాకా వచ్చిన ప్రతిసారీ గురుడు ఇంట్లో ఉండడు. ఈ కొలతలు కాస్త అటూఇటూ ఊగుతాయి, కానీ ఆ ఊగడం హద్దు దాటదు.

ఏదైనా ఒక రోజున ఈ వేల శకలాలన్నీ ఎక్కడెక్కడున్నాయో చుక్కలు పెట్టి చూస్తే, మూలలు మొద్దుబారిన పెద్ద త్రికోణం కనిపిస్తుంది. అది గురుడితోపాటే మెల్లగా తిరుగుతుంటుంది. ఏ ఒక్క శకలమూ త్రికోణంలో నడవదు, ఎవరి కోడిగుడ్డు దారి వారిదే. దూరపు కొసన వేగం తగ్గుతుంది కాబట్టి మూలల దగ్గర రద్దీ ఎక్కువ. ఆ మూడు మూలల్లో రెండు, ట్రోజన్ శకలాలుండే చోట్లే. గురుడితో సమానంగా చుట్టు పూర్తిచేసే ఆ జాతిలో మొదటిదైన అకిలీస్‌ను 1906లో మాక్స్ వోల్ఫ్ కనిపెట్టాడు.

గుంపుకి పేరిచ్చిన హిల్డా 1875లోనే యోహాన్ పాలిసా కంటపడింది. అది ఒపోల్జర్ అనే ఖగోళవేత్త కూతురి పేరు.

గుంపు అంచుల్లో తిరిగేవాటికి మాత్రం ఈ ధీమా లేదు. లెక్క కొంచెం తప్పినా గురుడి చేతికి చిక్కుతాయి. 1994 జులైలో షూమేకర్-లెవీ 9 తోకచుక్క ముక్కలై గురుడి మీద వరసగా పడింది. దాని దారిని వెనక్కి లెక్కగట్టిన శాస్త్రవేత్తలు, గురుడికి చిక్కకముందు అది హిల్డాల్లాంటి కక్ష్యలోనే తిరిగి ఉండొచ్చంటున్నారు.