ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జీన్ తేడా ఉంటే డిప్రెషన్ వచ్చేస్తుందా?

జీన్ టెస్ట్ రిపోర్ట్‌లో ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ దగ్గర తేడా ఉందని రాగానే నా డిప్రెషన్‌కి కారణం ఇదే అని ఫిక్స్ అయిపోయేవాళ్ళున్నారు, వాళ్ళ కోసమే రాస్తున్నా.

తోటకూర, శనగలు, పెసల్లో ఉండే ఫోలేట్, అంటే బీ9 విటమిన్, ఒంట్లో మిథైల్‌ఫోలేట్‌గా మారాలి, ఆ ఆఖరి మార్పు చేసే ఎంజైమ్‌ని తయారుచేయించేదే ఈ ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జీన్. ఆ మిథైల్‌ఫోలేట్, బీ12 సాయంతో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం కాస్తా మిథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం అవుతుంది, దాన్నుంచి శామ్ అనే పదార్థం వస్తుంది, మెదడులో బోలెడు రియాక్షన్లకి అదే కావాలి. అందుకే మూడ్‌కీ దీనికీ లింక్ ఉందేమో అని సైంటిస్టులు వెతకడం మొదలెట్టారు.

ఈ జీన్‌లో 677వ చోట సీ అనే డీఎన్‌ఏ అక్షరం బదులు టీ ఉంటే, ఆ ఎంజైమ్ ప్రోటీన్‌లో 222వ అమైనో ఆమ్లం అలనిన్ పోయి వాలిన్ వస్తుంది. మార్పు చిన్నదే, కానీ అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి ఒకటి రెండూ టీలే వస్తే ఎంజైమ్ పని దాదాపు 30 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే బీ2 నుంచి తయారయ్యే ఎఫ్‌ఏడీ అనే సహాయక అణువు దాన్నుంచి తేలిగ్గా జారిపోతుంది. ఇక్కడే అసలు విషయం ఉంది, ఒంట్లో ఫోలేట్ సరిపడా ఉంటే ఎంజైమ్ ఆ ఎఫ్‌ఏడీని అంత తేలిగ్గా వదలదు, రెండు టీలు ఉన్నవాళ్ళకి కూడా మిథియోనిన్‌గా మారకుండా మిగిలిపోయే హోమోసిస్టీన్ పెద్దగా పెరగదు. అంటే జీన్ ఒక్కటే కాదు, తిండి కూడా లెక్కలోకి వస్తుంది!

డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఫోలేట్ తక్కువగా ఉండటం చాలా స్టడీల్లో కనిపించింది, కానీ బాధలో ఉన్నప్పుడు సరిగ్గా తినకపోవడం వల్ల కూడా అలా అవ్వొచ్చు కదా. జీన్ లింక్ కొన్ని స్టడీల్లో కొద్దిగా కనిపించింది, 2019లో లక్షలమంది డేటాతో చూస్తే నిలబడలేదు. ట్రీట్‌మెంట్ సంగతికొస్తే, యాంటీడిప్రెసెంట్‌తో పాటు 15 మిల్లీగ్రాముల మిథైల్‌ఫోలేట్ ఇస్తే కొందరికి మేలైందని 2012లో అమెరికా ట్రయల్ ఒకటి చెప్పింది, 2014లో బ్రిటన్‌లో మామూలు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఇస్తే ఉపయోగం కనిపించలేదు.

కాబట్టి రిపోర్ట్ చూసి వాడుతున్న మందులు ఆపేయకండి ప్లీజ్. శాకాహారులైతే ముందు బీ12 చూపించుకోండి, అది తక్కువున్నప్పుడు ఒట్టి ఫోలిక్ యాసిడ్ మింగితే రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది కానీ లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.