గృహప్రవేశంలో అడిగిన ప్రశ్నలు: అమెరికా జైళ్ళు, పేదరికం, రంగు - కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల చికాగో శివారు నేపర్‌విల్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. ప్లేట్లో పులిహోర పెట్టుకుని కూర్చున్నానో లేదో, పక్క కుర్చీలోంచి ఒక బాబాయిగారు, "ఏమ్మా, ఇంకా ఆ జైలుకి వెళ్ళి పాఠాలు చెప్తున్నావా? వాళ్ళకి సోషియాలజీ ఎందుకు, బుద్ధి చెప్పాలి గానీ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భోజనాల దగ్గర క్లాసు పీకితే మళ్ళీ పిలవరు కదా!

చికాగోలో పద్దెనిమిదేళ్ళుగా సోషియాలజీ చెప్తున్నాను. నగరాల్లో పేదరికం, జైళ్ళు నా సబ్జెక్టు. కాలేజీలో క్లాసులు కాక, వారానికోసారి ఊరికి గంట దూరంలో ఉన్న ఒక స్టేట్ ప్రిజన్‌లో కూడా చెప్తాను. ఆ రోజు మింగేసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. వీటిలో కొన్ని మనవాళ్ళ అపోహలు. కొన్ని నా దగ్గర చదువుకునే పిల్లలవి. వాళ్ళ అపోహలు ఇంకో వైపుకి ఒరిగి ఉంటాయి.

అపోహ: నేరాలు పెరిగాయి, అందుకే జైళ్ళు నిండాయి.

1970ల మొదట్లో అమెరికా స్టేట్, ఫెడరల్ ప్రిజన్లలో ఉన్నది దాదాపు 2 లక్షల మంది. లక్ష జనాభాకి సుమారు వంద మంది. అంతకు ముందు యాభై ఏళ్ళుగా ఆ లెక్క అటూఇటూగా అక్కడే ఉంది. 2008 నాటికి, కౌంటీ జైళ్ళతో కలిపితే, లోపల ఉన్నవాళ్ళు దాదాపు 23 లక్షలు. ఇప్పటికీ 19 లక్షల దాకా ఉన్నారు.

మరి నేరాలో? 1960లలో పెరగడం మొదలై, పైకీ కిందికీ ఊగి, 1991 తర్వాత తగ్గుతూ వచ్చాయి. హింసాత్మక నేరాల రేటు సగానికి పడిపోయింది. అవి తగ్గుతున్నా పదిహేనేళ్ళకు పైగా జైళ్ళు నిండుతూనే ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 1999లో 72 వేల మందికి పైగా ఖైదీలుండేవారు. తర్వాత ఇరవై ఏళ్ళలో ఆ సంఖ్య బాగా పడిపోయింది, ఇప్పుడు సగం కూడా లేదు. ఖైదీలు తగ్గిన ఆ ఇరవై ఏళ్ళలో న్యూయార్క్ నగరంలో నేరాలు కూడా తగ్గాయి.

మారింది చట్టాలు. 1973లో న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్ తెచ్చిన డ్రగ్ చట్టాలు, 1986 ఫెడరల్ చట్టం, 1994లో కాలిఫోర్నియాలో మూడో నేరానికి యావజ్జీవం. 1986 చట్టం సంగతి క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు. క్రాక్ అనే మత్తుమందు 5 గ్రాములు దొరికితే కనీసం ఐదేళ్ళ జైలు. అదే ఐదేళ్ళు పౌడర్ కొకెయిన్‌కి పడాలంటే 500 గ్రాములు దొరకాలి. రెండూ ఒకటే సరుకు, వంటసోడా వేసి ఉడికిస్తే పౌడర్ క్రాక్ అవుతుంది. క్రాక్ పేద నల్లజాతి పేటల్లో అమ్మేవాళ్ళు, పౌడర్ డబ్బున్నవాళ్ళ పార్టీల్లో దొరికేది. 5 గ్రాములంటే ఒక టీస్పూను పంచదారంత. ఈ వందకి ఒకటి తేడాని 2010లో 18కి తగ్గించారు. ఒకటికి ఒకటి ఎందుకు చెయ్యలేదని నన్నడక్కండి.

అపోహ: లోపల ఉన్నవాళ్ళంతా గంజాయి కేసుల్లో ఇరుక్కున్న అమాయకులే.

ఇది మా కాలేజీ పిల్లలది. మనసు మంచిదే, లెక్క తప్పు. స్టేట్ ప్రిజన్లలో సగానికి పైగా హింసాత్మక నేరాలకి శిక్ష పడ్డవాళ్ళు. డ్రగ్ కేసులవాళ్ళు ఏడుగురిలో ఒకరు. ఫెడరల్ ప్రిజన్లలో అయితే దాదాపు సగం డ్రగ్ కేసులే, కానీ మొత్తం ఖైదీల్లో ఫెడరల్‌వాళ్ళు కొద్ది భాగమే. ప్రైవేటు కంపెనీల లాభం కోసమే ఇదంతా జరుగుతోందని కూడా పిల్లలు అంటారు. ప్రైవేటు ప్రిజన్లలో ఉన్నది వందకి ఎనిమిది మంది. మిగతావన్నీ ప్రభుత్వం నడిపేవే. ఒక్క దుర్మార్గుణ్ణి చూపించి కోపం తీర్చుకునే వీలు ఇక్కడ లేదు.

నా జైలు క్లాసులో మనిషిని చంపినవాళ్ళున్నారు. దాచేదేం లేదు. చనిపోయినవాళ్ళూ ఎక్కువగా ఆ పేటల కుర్రాళ్ళే. ఈ దేశంలో హత్యకి గురయ్యేవాళ్ళలో సగం మంది నల్లజాతివాళ్ళు. పందొమ్మిదేళ్ళప్పుడు చేసిన హత్యకి నలభై ఆరేళ్ళొచ్చినా లోపలే ఉన్న విద్యార్థి ఒకాయన ఉన్నాడు. ఇల్లినాయి 1978లోనే పెరోల్ బోర్డు ముందుకు వెళ్ళి విడుదల అడుక్కునే పద్ధతి తీసేసింది. ఆయన ఎంత మారాడో చూసి చెప్పాల్సిన మనిషే లేడు. జైళ్ళు ఖాళీ కావాలనేవాళ్ళు ఇలాంటివాళ్ళ గురించి మాట్లాడకుండా గంజాయి గురించే మాట్లాడితే దారి సగంలోనే ఆగిపోతుంది.

అపోహ: జైల్లో ఉన్నాడంటే కోర్టు శిక్ష వేసినట్టే.

ఈ గందరగోళంలో మన భాషకీ కొంచెం వాటా ఉంది. ప్రిజన్ అన్నా జైలన్నా మనకి జైలే. అమెరికాలో శిక్ష పడ్డాక పంపేది ప్రిజన్. అరెస్టు చేసి తెచ్చి కూర్చోబెట్టేది కౌంటీ జైలు. కౌంటీ జైళ్ళలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఇంకా నేరం రుజువు కానివాళ్ళు. మన లెక్కలో రిమాండ్ ఖైదీలు. ఇండియాలో వీళ్ళు నలుగురిలో ముగ్గురు, వాళ్ళలో కొందరు షూరిటీ దొరక్క ఏళ్ళ తరబడి ఉండిపోతారు. ఈ విషయంలో రెండు దేశాలూ ఒక తాను ముక్కలే.

కలీఫ్ బ్రౌడర్ అనే కుర్రాడు 2010లో బ్రాంక్స్‌లో ఒక బ్యాగు దొంగిలించాడన్న ఆరోపణ మీద అరెస్టయ్యాడు. అప్పటికి పదహారేళ్ళు. 3,000 డాలర్ల బెయిలు పెడితే ఇంట్లోవాళ్ళు కట్టలేకపోయారు. రైకర్స్ ఐలాండ్ జైల్లో దాదాపు మూడేళ్ళు, అందులో చాలాకాలం ఒంటరి గదిలో. విచారణ జరగనే లేదు. 2013లో కేసు కొట్టేశారు. 2015లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. 3,000 డాలర్లంటే మా నేపర్‌విల్‌లో సంగీత్‌కి డీజేతో సహా అయ్యే ఖర్చు. ఇల్లినాయి 2023 సెప్టెంబరులో డబ్బు కట్టే బెయిలుని పూర్తిగా రద్దు చేసింది. రాష్ట్రాల్లో ఇదే మొదటిది.

మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గుసన్ అనే ఊరి సంగతి కూడా చెప్పాలి. 2014లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాక కేంద్ర న్యాయశాఖ ఆ ఊరి రికార్డులు తిరగేసింది. జనాభా 21 వేలు. ఆ ఏడాది చివరికి ఊరి కోర్టు జారీ చేసిన వారంట్లు పెండింగులో ఉన్నవాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళతో కలిపి, 16 వేల మందికి పైనే. చాలామటుకు ట్రాఫిక్ టికెట్లు, ఇంటి ముందు గడ్డి ఏపుగా పెరిగిందని వేసిన జరిమానాలు. కట్టలేక కోర్టుకి వెళ్ళకపోతే వారంటు, వారంటుకి మళ్ళీ ఫీజు. జరిమానాలు ఆ ఊరి ఖజానాకి ఒక ముఖ్యమైన ఆదాయం. పోలీసులకి వసూళ్ళ టార్గెట్టుండేది.

అపోహ: నల్లజాతివాళ్ళందరిదీ ఒకటే గతి.

దేశ జనాభాలో వాళ్ళు 13, 14 శాతం. ప్రిజన్లలో దాదాపు మూడో వంతు. అంతవరకు నిజం. కానీ 1965-69 మధ్య పుట్టిన మగవాళ్ళ మీద సోషియాలజిస్టులు బ్రూస్ వెస్టర్న్, బెకీ పెటిట్ కట్టిన లెక్క చూడండి. ముప్ఫై దాటేసరికి ప్రిజన్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు తెల్లవాళ్ళలో 3 శాతం, నల్లజాతిలో 20 శాతం. అదే హైస్కూలు పూర్తి చెయ్యని నల్లజాతివాళ్ళలో 60 శాతం దగ్గర. కాలేజీ గడప తొక్కినవాళ్ళలో 5 శాతం. ఫ్రెంచి సోషియాలజిస్టు లోయిక్ వాకాంట్ 1988లో చికాగో 63వ వీధిలో ఒక బాక్సింగ్ జిమ్‌లో చేరి, మూడేళ్ళు దెబ్బలు తింటూ ఆ పేటని చదివాడు. దీన్ని మూకుమ్మడి ఖైదు అనకండి, గురి చూసి వేసిన ఖైదు అంటాడాయన. ముందు వర్గం, దాని మీద రంగు, దాని మీద పేట. నేను ఆయనతో చాలాచోట్ల పేచీ పడతాను, ఇక్కడ మాత్రం కాదు.

అపోహ: మనమూ రెండు సూట్‌కేసులతోనే వచ్చాం. కష్టపడ్డాం, పైకొచ్చాం. వాళ్ళకేమైంది?

బాబాయిగారి అసలు ప్రశ్న ఇదే. ఆయన 1980లో వచ్చారు. రెండో సూట్‌కేసులో ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. దాన్ని ఆయన లెక్కలో వెయ్యరు.

మనం రావడానికి దారి తీసింది 1965 ఇమిగ్రేషన్ చట్టం. అంతకు ముందు మనకి తలుపు దాదాపు మూసే ఉంది. భారతీయులు తెల్లవాళ్ళు కాదు, పౌరసత్వం ఇవ్వకూడదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నల్లజాతివాళ్ళు రోడ్డెక్కి, కుక్కల చేత కరిపించుకుని తెచ్చిన పౌరహక్కుల గాలిలోనే ఆ తలుపు తెరుచుకుంది. తెరిచాక కూడా జల్లెడ పట్టి డాక్టర్లనీ ఇంజినీర్లనీ రానిచ్చారు. జల్లెడలో మిగిలిన గింజల్ని చూపించి పొలమంతా ఇలాగే పండిందని అంటే ఎలా?

అదే 1980 మార్చిలో సౌత్ చికాగోలో విస్కాన్సిన్ స్టీల్ అనే ఉక్కు ఫ్యాక్టరీ మూతపడింది. మూడు వేల మందికి పైగా ఒక్క రోజులో రోడ్డున పడ్డారు. చివరి జీతం చెక్కులు బౌన్స్ అయ్యాయి. 1992లో యూఎస్ స్టీల్ సౌత్ వర్క్స్ కూడా పోయింది. ఈ పనుల కోసమే మిసిసిపీ, ఆర్కన్సా పొలాల నుంచి ఇక్కడి నల్లజాతివాళ్ళ తాతలు వచ్చారు. 1930ల నుంచి ప్రభుత్వం మ్యాపుల్లో వాళ్ళ పేటల చుట్టూ ఎర్ర రంగు పూసి, ఇళ్ళ అప్పులు దొరక్కుండా చేసింది. ఇల్లు కొనుక్కోనివ్వని చోట రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే ప్రభుత్వ అద్దె ఇళ్ళు కట్టారు: 28 భవనాలు, ఒక్కోటీ 16 అంతస్తులు, వరసగా. పని పోయింది, ఇంటి విలువ పెరగలేదు, బడికి డబ్బు ఆ ఇంటి పన్ను నుంచే రావాలి. ఆ ఖాళీలోకి డ్రగ్ వ్యాపారం వచ్చింది, దాని వెనకే పోలీసు వచ్చాడు. 1998 నుంచి ఆ భవనాలనీ కూలగొట్టారు.

"వాళ్ళ కల్చరే అంతమ్మా" అన్నారాయన. బాబాయిగారిది చీరాల. దగ్గర్లోనే స్టువర్టుపురం. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసి ఎరుకల కుటుంబాలని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది. ఆ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు వింటే జనం జేబులు తడుముకోవడం రద్దవలేదు. ఆ ఒక్క మాట మాత్రం మింగలేక గుర్తు చేశాను. "అది వేరులే" అని పెరుగన్నం కోసం లేచారు.

అపోహ: శిక్ష అయిపోతే బాకీ తీరినట్టే.

డివా పేజర్ అనే సోషియాలజిస్టు మిల్వాకీలో నలుగురు కుర్రాళ్ళని ఒకే రకం బయోడేటాతో, కొందరికి మాత్రం పాత నేరం కేసుందని చెప్పించి, ఉద్యోగాలకి పంపింది. 2003లో అచ్చయిన ఫలితం: కేసు లేని తెల్లవాళ్ళకి వందలో 34 పిలుపులు, కేసున్న తెల్లవాళ్ళకి 17. కేసు లేని నల్లవాళ్ళకి 14, ఉన్నవాళ్ళకి 5. పదిహేడు, పద్నాలుగు పక్కపక్కన పెట్టి మళ్ళీ చదవండి.

ఇంకో అపోహ, ఇది లోపలివాళ్ళది: జైలుకి వెళ్ళొస్తే ఓటు పోతుంది.

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మెయిన్, వెర్మాంట్‌లలో ప్రిజన్లో ఉన్నా ఓటుంది. ఇల్లినాయిలో బయటికొచ్చిన రోజు నుంచే ఉంది, రిమాండులో ఉన్నవాళ్ళకైతే అసలు పోదు. 2020 నుంచి మా చికాగో ఉన్న కుక్ కౌంటీ జైల్లోనే పోలింగ్ బూత్ పెడుతున్నారు. నా పాత విద్యార్థి ఒకతను విడుదలై ఆరేళ్ళయినా ఓటు లేదనే అనుకుంటున్నాడు. ఎవరూ చెప్పలేదట. ఫోన్లో రిజిస్టర్ చేయించి, వాళ్ళ వీధిలో బూత్ ఎక్కడో చూసి పెట్టాను.