బెర్న్‌స్టైన్: వేదికకూ రచనకూ నడుమ

1943 నవంబరు 14న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో సారథ్యం వహించవలసిన బ్రూనో వాల్టర్ జబ్బుపడడంతో, 25 ఏళ్ల సహాయ కండక్టర్ (వాద్యబృంద సారథి) లెనార్డ్ బెర్న్‌స్టైన్ రిహార్సల్ కూడా లేకుండా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం ముందు నిలబడ్డాడు. రేడియోలో దేశమంతా విన్న ఆ కచేరీ వార్త మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకి ఎక్కింది. అతనిలోని స్వరకర్తకు జీవితాంతం తగినంత సమయం దొరకకపోవడానికి బీజం కూడా ఆ రోజే పడిందని నేననుకుంటాను.

బెర్న్‌స్టైన్ 1918లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో, నేటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. సౌందర్య సాధనాల వ్యాపారి అయిన తండ్రి శామ్యూల్, సంగీతంతో పొట్ట గడవదని గట్టిగా నమ్మినవాడు. అయినా, ఆ తండ్రి వెంట వెళ్లిన బోస్టన్ ప్రార్థనా మందిరంలో విన్న గానమే కొడుకు మనసులో నాటుకుంది. యూదు మతగ్రంథ పఠన స్వరాల నుంచి ఎదిగిన తొలి సింఫనీ (వాద్యబృందం కోసం రాసే పెద్ద కృతి) ‘జెరమయా’ను అతను తండ్రికే అంకితమిచ్చాడు.

1937లో పరిచయమైన గ్రీకు కండక్టర్ దిమిత్రి మిత్రోపౌలోస్ అతనిలో కండక్టర్ కావాలన్న కోరికను రగిలించగా, అదే ఏడాది స్నేహితుడైన అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లాండ్ అతని రచనలను చూసి, ఎక్కడ సొంత గొంతు ఉందో, ఎక్కడ లేదో చెప్పేవాడు. కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్ క్రమశిక్షణ నేర్పాడు. 1940 నుంచి మసాచుసెట్స్‌లోని టాంగిల్‌వుడ్ సంగీత కేంద్రంలో గురువైన కండక్టర్ సెర్జ్ కుసెవిట్స్కీ ప్రభావం అన్నిటికన్నా లోతైనది. న్యూయార్క్ వాణిజ్య నాటకరంగమైన బ్రాడ్‌వే నాటకాల సంగీతం శిష్యుడి స్థాయికి తగదని ఆయన అభిప్రాయం. 1944లో ‘ఆన్ ది టౌన్’ విజయవంతమైనా, గురువు 1951లో మరణించేదాకా బెర్న్‌స్టైన్ మరో బ్రాడ్‌వే మ్యూజికల్ (పాటలతో సాగే నాటకం) రాయలేదు.

1957లో అతని మ్యూజికల్ ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ వచ్చింది. మరుసటి ఏడాదే అతను న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ సంగీత దర్శకుడై 1969 వరకు కొనసాగాడు. ఆ పదవీకాలంలో వెలువడిన పెద్ద రచనలు ‘కద్దిష్’ సింఫనీ, ‘చిచెస్టర్ సామ్స్’ మాత్రమే. రెండోది 1965లో, కచేరీలకు సెలవు పెట్టినప్పుడు రాసింది. అదే బృందానికి ఒకప్పుడు సారథి అయిన ఆస్ట్రియా స్వరకర్త గుస్టావ్ మాలర్ కూడా వేసవి సెలవుల్లోనే సింఫనీలు రాసుకున్నవాడు. మాలర్ కృతులను బెర్న్‌స్టైన్ అంత తపనతో శ్రోతలకు చేరవేయడంలో ఈ సామ్యానికి తప్పక పాత్ర ఉంది.

1990 అక్టోబరు 9న ఇక కచేరీలకు సారథ్యం వహించబోనని అతను ప్రకటించాడు. మిగిలిన కాలంలో ముఖ్యంగా రచన చేయాలనుకున్నాడు. అయిదు రోజులకే, అక్టోబరు 14న కన్నుమూశాడు.