నునుపు వేరు, నిగనిగ వేరు: బండ పాలిష్‌పై అపోహలు, వాస్తవాలు

నల్గొండలో బండల పాలిష్ మా పని. గొడవలు చాలావరకు ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి. మొన్న ఒకాయన "అన్నా, బండ నున్నగ చేసియ్యి" అన్నాడు, చేసిచ్చాం. తీరా వచ్చి చూసి "మెరుపేది?" అని అడిగాడు.

అపోహ: నున్నగా ఉంటే మెరిసినట్టే.

కాదు. నునుపు చేతికి తెలుస్తుంది, నిగనిగ కంటికి తెలుస్తుంది. అరగదీసే పాలిష్ రాళ్లకు నంబర్లుంటాయి, నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 400 నంబర్‌తో ఆపేస్తే చెయ్యి జారుతుంది కానీ ముఖం కనిపించదు, దాన్నే మ్యాట్ అంటాం. అక్కణ్నుంచి 800, 1500, 3000 అని పోతుంటే గీతలు కంటికి అందనంత సన్నబడి, పడిన వెలుగు చెదరకుండా ఒకే దిక్కుకు తిరిగొస్తుంది. షాపుల్లో గ్లాసీ అనేది దీన్నే. తళతళ అంటే తోమిన ఇత్తడి చెంబు, ధగధగ అంటే బంగారం, మిలమిల అంటే చుక్కలు. నిగనిగ మాత్రం నల్లటివాటికి కుదిరినంతగా దేనికీ కుదరదు: నేరేడు పండు, వంకాయ, నూనె రాసిన జడ, మా నల్ల గ్రానైట్. నాకు చాలా ఇష్టమైన మాట ఇది.

అపోహ: ఆ మెరుపు పైన ఏదో పూస్తే వచ్చేది.

మంచి గ్రానైట్‌కు ఏమీ పూయనక్కర్లేదు. హనుమకొండ వేయి స్తంభాల గుడి 1163 నాటిది, మిషన్లు లేని రోజుల్లో చేత్తో అరగదీసిన ఆ నల్లరాతి స్తంభాలు ఇవాళ్టికీ మెరుస్తున్నాయి. అయితే రంగు పట్టించి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఒక ఇంట్లో నిమ్మకాయ కోసిన చోట ప్లాట్‌ఫాం తెల్లబడిందని పిలిస్తే వెళ్లాను. తెల్ల గుడ్డకు థిన్నర్ తడిపి ఒక మూల గట్టిగా రుద్దితే గుడ్డ నల్లబడింది, కింద ఉన్నది బూడిద రంగు రాయి. కొనేముందు మీరూ ఒక ముక్క మీద ఇలా రుద్ది చూడండి.

అపోహ: యాసిడ్‌తో కడిగితే మెరుపు పెరుగుతుంది.

తాండూరు బండ సున్నపురాయి. యాసిడ్ సంగతి అటుంచి, చింతపండు పులుసు ఒలికినా పైపొరను తినేస్తుంది. ఆ మచ్చ తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే.

అపోహ: ఎంత మెరిస్తే అంత మంచిది.

బయటి మెట్లకు, బాత్రూంకు గ్లాసీ వద్దు. తడిస్తే పెద్దవాళ్లు జారిపడతారు. అక్కడ గరుకుగా ఉండే ఫ్లేమ్ ఫినిష్ అడగండి.

ఇంట్లో పని అయ్యాక, డబ్బులు ఇచ్చే ముందు, ట్యూబ్‌లైట్ వేసి బండను ఏటవాలుగా చూడండి. లైటు అంచు గీత గీసినట్టు కనిపిస్తే పాలిష్ సరిగ్గా పడ్డట్టు. పొగ పట్టినట్టు మసకగా ఉంటే ఇంకో రెండు నంబర్లు నడపమని చెప్పండి.