లారీ బాక్సైట్, గుప్పెడు చిప్పులు

ఒడిశా కోరాపుట్ జిల్లాలోని పంచపట్మాలి కొండ మీద తవ్విన బాక్సైట్, అంటే అల్యూమినియం ముడిఖనిజం, దామన్‌జోడి కర్మాగారానికి లారీల్లో రాదు. 14.6 కిలోమీటర్ల పొడవున్న బెల్టు మీద కొండ దిగుతుంది. అయినా లెక్క కోసం ఒక లారీ అనుకుందాం, 16 టన్నులు. ప్రపంచ సగటున టన్ను బాక్సైట్‌లో 50 గ్రాముల దాకా గాలియం అనే లోహం ఉంటుంది. అంటే మన లారీలో 800 గ్రాములు. అందులో పదోవంతే చేతికొచ్చినా 80 గ్రాములు. ఎగిరే డ్రోన్‌ను కాల్చి పడేసే 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం ఒకటి తయారు కావడానికి అంత గాలియం కూడా అక్కర్లేదు.

ఎలాగంటే, ఈ ఆయుధంలో వెలుగు మొదట పుట్టేది గాలియం ఆర్సెనైడ్ చిప్పుల్లో. ఆ వెలుగును యటర్బియం అనే అరుదైన లోహం కలిపిన గాజు ఫైబర్‌లోకి తోస్తారు. ఫైబర్ దాన్ని సన్నని, చెదరని కిరణంగా మార్చి బయటికి పంపుతుంది. దారిలో నష్టాలు పోగా 30 కిలోవాట్లు బయటికి రావాలంటే చిప్పుల దగ్గర 45 కిలోవాట్ల వెలుగు పుట్టాలి. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఒక లేజర్ బార్ (వెలుగు వచ్చే కిటికీలు పక్కపక్కనే ఉన్న చిప్పు పట్టీ) 150 వాట్లు ఇస్తుందనుకుంటే 300 బార్లు చాలు. ఒక్కో బార్‌లో ఉండే గాలియం సుమారు 12 మిల్లీగ్రాములు. అన్నీ కలిపితే 4 గ్రాములు కూడా లేదు. ఆ బార్లను కోయాల్సిన 4 అంగుళాల వేఫర్లు, అంటే పలచని గాలియం ఆర్సెనైడ్ బిళ్లలు, మూడు నాలుగు, ఒక్కో వేఫర్‌లో గాలియం 13 గ్రాముల లోపు. అరగదీసిన పొడి, విరిగిన ముక్కలు అన్నీ కలుపుకున్నా 50 గ్రాములు.

కోరాపుట్, రాయగడ వైపు ఈ మధ్య ఎక్కువగా వినిపించే మాట వేరు. మన కొండల్లో గాలియం ఉంది, చైనా అమ్మకం బిగించేసింది, మనమే తీసుకుంటే లేజర్లు వచ్చేస్తాయి అని. మొదటి రెండు ముక్కలూ నిజమే. ప్రాథమిక గాలియం ఉత్పత్తిలో 98 శాతం దాకా చైనాదే. 2023 ఆగస్టు 1 నుంచి లైసెన్సు లేకుండా దాన్ని బయటికి పంపడం లేదు. మన కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో గాలియం ఉంది. 2025 జనవరిలో ఆమోదం పొందిన కీలక ఖనిజాల మిషన్‌కు 16,300 కోట్లు కేటాయించారు. మూడో ముక్క దగ్గరే లెక్క తప్పుతుంది.

గాలియం తీయడం కష్టమే కాని, తెలియని విద్య కాదు. బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే అల్యూమినాతో పాటు గాలియంలో ఎక్కువ భాగం కూడా ద్రావణంలోకి దిగుతుంది. మిగిలింది ఎర్రమడ్డి అనే వ్యర్థంతో పాటు దాన్ని నిలవ చేసే చెరువులోకి పోతుంది. సోడా ద్రావణం మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి గాలియం పోగుపడి లీటరుకు 100 నుంచి 300 మిల్లీగ్రాములకు చేరుతుంది. దాన్ని ప్రత్యేకమైన రెజిన్ గింజల మీదుగా పంపి పట్టుకుంటారు. ఇక్కడ చిక్కు వెనేడియంతో. అది కూడా అదే గింజలకు అతుక్కుని చోటు ఆక్రమిస్తుంది. పైగా ఘాటు సోడాలో రెజిన్ త్వరగా పాడవుతుంది, మార్చిన ప్రతిసారీ ఖర్చు. తర్వాత విద్యుద్విశ్లేషణతో 99.99 శాతం లోహం వస్తుంది. చిప్పులకు అది చాలదు, దశాంశం తర్వాత ఇంకో రెండు మూడు తొమ్మిదులు కావాలి. ఈ లోహం 29.8 డిగ్రీలకే కరుగుతుంది. రాయగడ ఎండల్లో సీసాలో నీళ్లలా ఉంటుంది, డిసెంబరు రాత్రి గడ్డకట్టి నీటిలాగే ఉబ్బి సీసాను పగలగొడుతుంది. అల్యూమినియం డబ్బాలో పోస్తే డబ్బాయే పెళుసై పొడి అవుతుంది. అందుకే ప్లాస్టిక్ సీసాలో, కాస్త ఖాళీ వదిలి పెడతారు.

రాడార్ చిప్పులకు, ఎల్‌ఈడీలకు, ఫోన్లకు కూడా గాలియం కావాలి కాబట్టి తీయాల్సిందే. కాని లేజర్ ఆయుధానికి అడ్డు అక్కడ లేదు. ఒడిశా తీరంలోని ఛత్రపురం ఇసుక గురించీ ఇలాంటి మాటే వినిపిస్తుంది. అక్కడి మోనజైట్ అనే ఖనిజంలో సీరియం, లాంథనం, నియోడిమియం దండిగా ఉంటాయి. ఫైబర్‌కు కావాల్సిన యటర్బియం మాత్రం జాడ మాత్రమే. కావాల్సిందీ గ్రాముల్లోనే.

మన దగ్గర డబ్బు రెండు చివరల్లో కనిపిస్తుంది. ఒక చివర గని, రెండో చివర ప్రదర్శన. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా కేంద్రంలో డీఆర్‌డీవో లేజర్ వాహనం డ్రోన్లను కూల్చింది. అదే ఏడాది ఆగస్టు 23న ఒడిశా తీరంలో క్షిపణులతో కలిపి ఇంకోసారి పరీక్షించారు. హైదరాబాద్‌లోని చెస్ (CHESS) అనే డీఆర్‌డీవో ప్రయోగశాల తయారుచేసిన ఆ లేజర్ పని చేసింది. ఇవి చిన్న విజయాలు కావు. గనికీ గన్నుకీ మధ్య ఉన్న చిప్పు దగ్గర ఏం జరుగుతుందో చూస్తే డబ్బు ఎక్కడ కరగాలో తెలుస్తుంది.

మొదటి చోటు చిప్పు అంచు. చిప్పులో వెలుగు పుట్టే పొర మందం 8 నానోమీటర్ల దరిదాపు. ఆ వెలుగు బయటికి వచ్చే కిటికీ వెడల్పు 100 మైక్రాన్లు, ఎత్తు ఒక మైక్రాన్. అందులోంచి 12 వాట్లు రావాలి. పక్కింటి ఎల్‌ఈడీ బల్బు వాట్లే కదా అనిపిస్తుంది. కాని ఆ కిటికీ వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 1.2 కోట్ల వాట్లు. చిప్పును విరిచిన క్షణంలో ఆ అంచుకు గాలి తగిలితే సన్నని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర కొద్దిగా వెలుగును మింగుతుంది. మింగినందుకు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలియం ఆర్సెనైడ్ ఇంకా ఎక్కువ మింగుతుంది. ఈ చక్రం మైక్రోసెకను లోపే 1,238 డిగ్రీలకు చేరి అంచు కరిగిపోతుంది. చప్పుడు ఉండదు, పొగ ఉండదు. మీటర్‌లో అంకె పడిపోతుంది, అంతే. అందుకే అత్యున్నత శూన్యంలో చిప్పు విరిచి, గాలి తగలకముందే కాపుపూత వేస్తారు. ముందు అంచుకు వెలుగును కొద్ది శాతమే తిప్పికొట్టే పూత, వెనక అంచుకు 95 శాతానికి పైగా తిప్పికొట్టే పూత. ఈ శూన్య యంత్రం, దాన్ని నడపగల ఇద్దరు ముగ్గురు మనుషులు, ఆ మనుషులు ఐదారేళ్లు అక్కడే ఉండటం, ఇవన్నీ ఏ ప్రదర్శనలోనూ కనిపించని ఖర్చులు.

రెండో చోటు టంకం. చిప్పును రాగి దిమ్మె మీద అతికిస్తే గాని వేడి దిగదు. ఇండియంతో అతికిస్తే మెత్తగా సర్దుకుపోతుంది. కాని ఆయుధం రోజంతా వెలగదు, వెలిగి ఆరుతూ ఉంటుంది. ప్రతిసారీ సాగి ముడుచుకుని ఇండియం అలసిపోతుంది, మీసాల్లా మొలిచి చిప్పు అంచును షార్ట్ చేస్తుంది. బంగారం 80, తగరం 20 పాళ్ల గట్టి టంకం ఈ బాధ లేనిది. అది 280 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అక్కడ నుంచి గది వేడికి చల్లారేలోపు 10 మిల్లీమీటర్ల బార్ కంటే కింది రాగి 28 మైక్రాన్లు ఎక్కువ ముడుచుకుంటుంది. బార్ పగులుతుంది. పగలకపోతే వంగుతుంది. మధ్యలో రాగి-టంగ్‌స్టన్ పలక గాని, అల్యూమినియం నైట్రైడ్ పలక గాని పెడితే గండం గడుస్తుంది. అప్పుడు కూడా ఒకటి రెండు మైక్రాన్ల వంపు మిగిలితే ముందున్న సన్నని లెన్స్ ఆ వెలుగును ఒక వరసలో కూర్చలేదు. ఈ వంపును తయారీవాళ్లు నవ్వు అంటారు. నవ్వు ఎక్కువైన బార్ చెత్తబుట్టకే.

మూడోది వేడి. ఈ లేజర్ చిప్పులనే డయోడ్లు అంటారు. కరెంటులో 60 శాతాన్ని వెలుగుగా మార్చే సామర్థ్యం ఉన్న డయోడ్లతో 45 కిలోవాట్ల వెలుగుకు 75 కిలోవాట్ల కరెంటు కావాలి. చివరికి బయటికి వెళ్లేది 30. పవర్ సప్లయ్ నష్టాలు కలిపితే 50 కిలోవాట్ల వేడి వాహనంలోనే మిగులుతుంది. టన్నున్నర ఏసీ ఒకటి 5.3 కిలోవాట్ల వేడి తోడుతుంది. అలాంటివి తొమ్మిదో పదో ఒక వ్యాన్‌లో పెట్టినట్టు. ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో సైన్యం వాయు రక్షణ కాల్పులు సాధన చేస్తుంది. అక్కడ వానాకాలంలో గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుంటే 28 డిగ్రీలకు చల్లబడ్డ దేని మీదైనా గాలిలోని తేమ నీటిబొట్లుగా పేరుకుంటుంది. చల్లబరిచే యంత్రం (చిల్లర్) నీళ్లు 22 డిగ్రీల్లో పెడితే డయోడ్ మాడ్యూల్, అంటే చిప్పులున్న పెట్టె, చన్నీళ్ల చెంబులా చెమటోడుతుంది. పెట్టెను పూర్తిగా మూసి, లోపల పొడి గాలి నింపాలి. నీళ్లను వెచ్చగా పెట్టేద్దామంటే వేరే చిక్కు. డిగ్రీకి 0.3 నానోమీటర్ల చొప్పున వెలుగు రంగు జరుగుతుంది. యటర్బియం బాగా మింగేది 976 నానోమీటర్ల దగ్గర, అటూ ఇటూ కొద్ది నానోమీటర్లే. 10 డిగ్రీలు పెరిగితే 3 నానోమీటర్లు జరిగి ఫైబర్ వెలుగును వదిలేస్తుంది. రంగును కట్టేసే గ్రేటింగ్ పలక పెడితే ఖర్చు పెరుగుతుంది. 915 నానోమీటర్ల వెలుగుకు మారితే పట్టింపు తక్కువ గాని, ఫైబర్ పొడవు పెంచాలి. పొడవు పెరిగితే ఫైబర్‌లో వేరే అస్థిరతలు తల ఎత్తుతాయి.

ఈ లెక్కలన్నిటికీ తాళంచెవి సామర్థ్యం. ఒక కిలోవాట్ వెలుగుకు, 50 శాతం దగ్గర కిలోవాట్ వేడి పుడుతుంది. 60 దగ్గర 670 వాట్లు. 70 దగ్గర 430. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2003లో ఒకే ఒక్క అంకె మీద డబ్బు పెట్టింది: డయోడ్ సామర్థ్యం 50 శాతం నుంచి 80కి తేవాలి. 80 అందలేదు. కాని పోటీ పడ్డ కంపెనీలు 70 దాటాయి. ఆ చిప్పులు ఆయుధాల్లోకి వెళ్లకముందే వెల్డింగ్ యంత్రాల్లోకి వెళ్లాయి. డబ్బు ఇచ్చే పద్ధతుల్లో ఇది మెరుగైనది. అంకె కొలవగలిగింది, అబద్ధం చెప్పడానికి వీల్లేనిది, సైన్యం కొన్నా కొనకపోయినా పనికొచ్చేది.

మన దగ్గర డబ్బు లేదనడం సరికాదు. 2025-26లో డీఆర్‌డీవో బడ్జెట్ 26,816.82 కోట్లు. దాని టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ ఒక ప్రాజెక్టుకు 50 కోట్ల వరకు, ఖర్చులో 90 శాతం దాకా గ్రాంటుగా ఇస్తుంది. 2025 జూలైలో ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన నిధి ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పు ఇస్తుంది, కాని ప్రయోగశాలలో ఒక దశ దాటిన పనికే. హైదరాబాద్‌లోని గాలియం ఆర్సెనైడ్ చిప్పుల కేంద్రం గేటెక్‌లో, ఢిల్లీ సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ ల్యాబొరేటరీలో గాలియం ఆర్సెనైడ్ పని తెలిసినవాళ్లు ఉన్నారు. చిక్కు కాలంతో వస్తుంది. డయోడ్ బతుకు కొలవాలంటే 5,000 గంటలు వెలిగించి చూడాలి. అంటే 208 రోజులు. వేడి పెంచి త్వరగా ముసలిదాన్ని చెయ్యవచ్చు గాని, మరీ పెంచితే మామూలుగా రాని జబ్బులు వస్తాయి. టంకం మార్చి ఒకసారి, పూత మార్చి ఒకసారి, చిప్పు డిజైన్ మార్చి ఒకసారి చూస్తే పరీక్షలకే రెండేళ్లు దగ్గర పడతాయి. నాలుగేళ్ల ప్రాజెక్టులో యంత్రం టెండరుకు, దిగుమతి అనుమతికి ఏడాదిన్నర పోతే మిగిలేది మొదటి చిప్పు కాలిపోయేంత సమయం. వేఫర్ మీద చిప్పు పొరలు పేర్చే, ఆర్సీన్ లాంటి విషవాయువుతో నడిచే రియాక్టర్‌ను ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31కి ఆపి, జూలైలో నిధులొచ్చాక మళ్లీ తిప్పడం కుదరదు. ఆపితే లోపలి శుభ్రత పోతుంది. మొదటి కొన్ని వారాల వేఫర్లు పారెయ్యడానికే. నా లెక్కలో దరఖాస్తు ఫారంలో పాడయ్యే వేఫర్లకు, కాల్చే బార్లకు విడిగా ఒక పద్దు ఉండాలి. ఆడిటర్‌కు అది వృథాగా కనిపిస్తుంది. ఇక్కడ సరుకు అదే.

ఇంకో విషయం, ఏడాదికి కొన్ని వందల బార్లు కొనే సైన్యం ఒక్కటే ఏ ఉత్పత్తి వరసనూ వెచ్చగా ఉంచలేదు. గిరాకీ ఉన్నది బరంపురంలో, జయపురంలో, రాయగడలో గేట్లకు, గ్రిల్లులకు రేకు కోసే షెడ్లలో. అక్కడి 3 కిలోవాట్ల ఫైబర్ లేజర్ లోపల ఉన్నది ఇదే జాతి చిప్పు. అది చెడిపోయేదీ ఇవే కారణాలతో. వానాకాలంలో చిల్లర్ మరీ చల్లగా పెట్టడం, నీళ్లు మార్చకపోవడం, కరెంటు పోయి రావడం. శక్తి 3,000 నుంచి 2,400కి పడితే మాడ్యూల్ మార్చి పాతది మూలన పడేస్తారు.

ఆ పాత మాడ్యూల్‌ను తెరిచి చూడటానికి కోట్లు అక్కర్లేదు. మంచి మైక్రోస్కోపు, చిన్న కరెంటు ఇచ్చే సప్లయ్, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటే చాలావరకు సరిపోతుంది. బరంపురం ఐసర్‌లోనో కోరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ఒక ఎమ్మెస్సీ విద్యార్థి బెంచీ మీద అయ్యే పని. చిప్పు వెనక లోహపు పూత తొలగించి, కొద్దిగా కరెంటు పంపి అటు నుంచి చూస్తే మంచిది ఒకే తీరున వెలుగుతుంది. అంచు దగ్గర మొదలై లోపలికి పాకిన నల్లని గీత కనిపిస్తే కిటికీ కరిగిందని అర్థం. మధ్యలో గుండ్రని నల్ల మచ్చ ఉంటే కింద టంకంలో బుడగ ఉండి ఉంటుంది. అంతా బాగుండి పక్కన వెండిలా మెరిసే మీసం కనిపిస్తే అది ఇండియం.