మొరిగే కుక్క కరుస్తుంది: పెంపకంలో అపోహలు, వాస్తవాలు

కుక్కను తెచ్చుకున్నవారు నాకు ఫోను చేసి అడిగే సందేహాల్లో సగం మన సామెతల్లోంచే పుడతాయి. కుక్క తోక వంకర. కుక్క కాటుకు చెప్పుదెబ్బ. మొరిగే కుక్క కరవదు. తొమ్మిదేళ్లుగా వీధికుక్కలను ఇంటికి తెచ్చి, మచ్చిక చేసి, నమ్మకమైన ఇళ్లకు అప్పగిస్తున్నాను. ఈ మాటలు నమ్మి మనుషులూ కుక్కలూ గాయపడటం కళ్లారా చూశాను.

అపోహ: మొరిగే కుక్క కరవదు

కరుస్తుంది. మొరగడం, గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. అంతకంటే ముందే ఒంటితో చెబుతుంది: మొహం పక్కకు తిప్పుకుంటుంది, తినడానికేమీ లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగదీసుకుంటుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే అప్పుడు గుర్రుమంటుంది. అందుకు కొడితే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. "ఏ చప్పుడూ లేకుండా ఉన్నట్టుండి కరిచింది" అని చెప్పే ఇళ్లలో కాస్త ఆరా తీస్తే, గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ వేసిన సంగతి చాలాసార్లు బయటపడుతుంది.

తోక ఊపినంత మాత్రాన స్నేహమని కూడా అనుకోకండి. నడుమంతా వదులుగా ఊగుతూ తోక ఆడించడం వేరు. ఒళ్లు కర్రలా బిగిసి, నిక్కిన తోక కొస మాత్రం చకచకా కదలడం వేరు. అలాంటప్పుడు పిల్లలను దగ్గరకు వెళ్లనివ్వకండి.

అపోహ: నాలుగు తగిలిస్తేనే మన మాట వింటుంది

దీని వెనుక తోడేళ్ల కథ ఒకటుంది. రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, అవి పెత్తనం కోసం కొట్లాడుకుంటాయని 1947లో రాశాడు. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1970లో తన పుస్తకంలో ఆ భావనకు ప్రచారం కల్పించాడు. కుక్క మీద కూడా మనమే పెత్తనం చూపాలన్న మాట అందులోంచే పుట్టింది. అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి చూశాక, 1999లో ఆయనే తన మాట సరిదిద్దుకున్నాడు: గుంపు అంటే సాధారణంగా తల్లి, తండ్రి, పిల్లలు ఉన్న ఒక కుటుంబమని. అయినా కుక్కను వెల్లకిలా పడదోసి అదిమిపెట్టే శిక్షకులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అలాంటివారికి మీ కుక్క గొలుసు ఇవ్వకండి.

ఇక కాటు పడినప్పుడు చెప్పు కోసం వెతకవద్దు. గాయాన్ని సబ్బు పెట్టి పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

అపోహ: టీకాలన్నీ అయ్యేదాకా కుక్కపిల్లను గడప దాటించకూడదు

పార్వో అనే, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు భయం న్యాయమైనదే. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. కానీ కుక్కపిల్ల మనసు లోకానికి తెరుచుకుని ఉండేది ఇంచుమించు 3వ వారం నుంచి 14వ వారం వరకే. చివరి టీకా 16వ వారానికి గాని పూర్తికాదు. అందుకని నేల మీద దించకుండా చంకనెత్తుకుని తిప్పండి. ఆటో చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, చేతికర్రతో నడిచే తాతగారు, కూరగాయల బండి మైకు, అన్నీ దూరం నుంచి చూడనివ్వండి. వచ్చినవారందరి చేతా ముద్దు చేయించడం మాత్రం వద్దు. అది వెనక్కి తగ్గితే మీరూ తగ్గండి.

అపోహ: వీధిలో పెరిగినదానికి బుద్ధి మారదు

మా గౌరి ఇంటికొచ్చేనాటికి దానికి సుమారు రెండేళ్లు. చీపురు కనబడితే మంచం కిందికి దూరి అక్కడే మూత్రం పోసేది. "ఎవరో బాగా కొట్టి ఉంటారు" అనేవారు చూసినవారంతా. కొట్టారేమో, తెలియదు. చిన్నప్పుడు చూడని వస్తువైనా పెద్దయ్యాక అంతే భయపెట్టగలదు. ఏ కారణమైనా మేము చేయాల్సిన పని ఒకటే.

చీపురును చూస్తూ కూడా అది తినగలిగేంత దూరం ఎంతో ముందు కనుక్కున్నాం. దాదాపు పదిహేను అడుగులు. వరండా చివర గోడకు చీపురు కనబడగానే ఉడికించిన చికెన్ ముక్కలు వస్తాయి. చీపురు మాయమైతే ముక్కలూ ఆగిపోతాయి. ఈ వరుస తప్పకూడదు: ముందు చీపురు, తర్వాతే చికెన్. తారుమారైతే చికెన్ చూసినా హడలిపోవడం నేర్చుకుంటుంది. రోజుకు రెండు నిమిషాలు, వారానికి ఒక అడుగు, ఒక్కోసారి రెండడుగులు వెనక్కి. కదలని చీపురుతో అయ్యాక కదిలే చీపురుతో మళ్లీ మొదటి నుంచి. ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు మా అమ్మ ఊడుస్తుంటే గుమ్మానికి అడ్డంగా పడుకుని లేవదు.

వీధి నుంచి కొత్తగా తెచ్చినదానికి మొదటి మూడు రోజులు ఒక మూల, నీళ్లు, నిశ్శబ్దం చాలు. స్నానం, బంధువులు, ఫొటోలు తర్వాత. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీకి ఒక తాడు, ఛాతీకి కట్టే హార్నెస్‌కు ఇంకో తాడు ఉండాలి. బెదిరిన కుక్క వెనక్కి లాగితే మెడపట్టీలోంచి తల క్షణంలో జారిపోతుంది.

అపోహ: తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి

కుక్కల ప్రవర్తనను పరిశోధించే శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానికీ తప్పు చేసినట్టుండే ఆ మొహానికీ సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టినప్పుడే ఆ మొహం ఎక్కువగా కనిపించింది. మీరు తప్పు ఒప్పుకోవడం అనుకుంటున్నది మీ కోపాన్ని చూసిన బెదురు.

అపోహ: భయపడినప్పుడు దగ్గరకు తీస్తే భయం పెరుగుతుంది

భయం షేక్‌హ్యాండ్ లాంటి విద్య కాదు, మెచ్చుకుంటే పెరగడానికి. దీపావళి రాత్రి ఒళ్లోకి వస్తే రానివ్వండి, బాత్రూములో దాక్కుంటే అక్కడే దుప్పటి పరవండి. కిటికీలు మూసి, ఫ్యాను వేసి, సాయంత్రం చీకటి పడకముందే బయట తిప్పి తీసుకురండి. ఏటా వణికిపోయే కుక్క అయితే మందుల గురించి రెండు మూడు వారాల ముందే పశువైద్యుడిని అడగండి. తొలి మోతాదు ముందుగానే ఒక ప్రశాంతమైన రోజున ఇచ్చి చూడాలి, టపాసులు మొదలయ్యాక కాదు.